ఇంటి లెక్కలు ఎందులో రాయాలి?

ప్రశ్న: మా ఇంట్లో ఇద్దరం సంపాదిస్తాం. ఆరేళ్లుగా ఇంటి ఖర్చులు నోటు పుస్తకంలో రాస్తున్నాను. మా ఆయన కంప్యూటర్ పనిలో ఉంటారు. రెండేళ్ల కిందట ఒక స్ప్రెడ్‌షీట్ తయారు చేశారు. అందులో పదకొండు షీట్లున్నాయి. ఒకసారి నేనేదో నొక్కితే అంకెలన్నీ పోయి వింత గుర్తులు వచ్చాయి. అప్పటినుంచి దాని జోలికి పోలేదు. మా తమ్ముడేమో ఇవన్నీ పాతకాలం పద్ధతులు, యాప్ వేసుకుంటే బ్యాంకు నుంచి లెక్కలు వాటంతటవే వచ్చి పడతాయంటాడు. రెండుసార్లు వేసుకున్నాను, రెండుసార్లూ మూడు నెలలు తిరక్కుండా మానేశాను. మాకు మూడు బ్యాంకు ఖాతాలు, ఒక క్రెడిట్ కార్డు, ఒక ఇంటి అప్పు ఉన్నాయి. ఇన్ని లెక్కలుండీ నెలాఖరుకి "డబ్బంతా ఏమైంది?" అనే మాట రాని నెల లేదు. ఆ మాట కాస్తా గొడవలోకి దిగుతుంది. నేను వెనకబడి ఉన్నానా? పుస్తకం మానేసి కంప్యూటర్లోకి మారాలా? మారితే ఈ ఆరేళ్ల పుస్తకాలూ అందులోకి ఎక్కించాలా?

సమాధానం: ముందు మీ మనసులో గుచ్చుకుంటున్న మాట సంగతి చూద్దాం. మీరు వెనకబడి లేరమ్మా. లెక్కల పనిలో అన్నిటికన్నా కష్టమైంది రోజూ రాయడం. ఆ పని ఆరేళ్లుగా వదలకుండా చేస్తున్నది మీరే. పుస్తకం మానొద్దు. మీ ఆయన స్ప్రెడ్‌షీట్‌నీ పారేయొద్దు, కాకపోతే పదకొండు షీట్లూ ఒక్క షీటుకి దిగిరావాలి. దాన్ని నెలకొకసారి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నింపాలి. యాప్‌ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఇలా ఎందుకంటున్నానో కాస్త వివరంగా చెబుతాను. రేపు మీ ఇంటి పరిస్థితి మారితే ఈ సలహా కూడా మారాల్సి ఉంటుంది, అప్పుడు మీకు మీరే తేల్చుకోగలగాలి.

మీ ముగ్గురూ ఒకే పని గురించి వాదించుకుంటున్నామని అనుకుంటున్నారు. కానీ ఎవరి పని వారిది. పాత లెక్కల భాషలో చిట్టా, ఆవర్జా అని రెండు మాటలున్నాయి. ఏ రోజు ఏం ఖర్చయిందో, ఏం వచ్చిందో, జరిగింది జరిగిన వరసలో రాసేది చిట్టా. ఆ చిట్టాలోంచి ఒక్కో పద్దునీ తీసి, దేని ఖాతాలోకి దాన్ని చేర్చి, మొత్తాలు వేసేది ఆవర్జా. ఆరేళ్లుగా మీరు రాస్తున్నది చిట్టా. మందులకి ఏడాదిలో ఎంతయిందన్న జవాబు మీ పుస్తకంలో ఉంది, కానీ కంటికి కనపడదు. మూడు వందల పేజీలు తిరగేసి కూడుకుంటే తప్ప తేలదు. మీ ఆయన తయారు చేసింది ఆవర్జా. దానికి చిట్టా ఆయన దగ్గర లేదు, మీ దగ్గరుంది. మీ తమ్ముడు రెండు పనులూ మిషనుకి అప్పగించేయమంటున్నాడు. ఇక మూడో పని ఒకటుంది: ఆ మొత్తాలు చూసుకుని వచ్చే నెల ఎలా నడుచుకోవాలో ఇద్దరూ అనుకోవడం. మీ ఇంట్లో చిట్టా ఉంది, ఆవర్జా ఉంది, రెంటికీ మధ్య దారి లేదు. "డబ్బంతా ఏమైంది?" అన్న ప్రశ్న నెలనెలా ఆ దారి దగ్గరే ఆగిపోతోంది.

ఈ విడదీత కొత్తదేమీ కాదు. 1494లో వెనిస్‌లో అచ్చయిన ఒక గణిత గ్రంథంలో లూకా పచోలీ అనే సన్యాసి అక్కడి వర్తకుల లెక్కల పద్ధతిని వివరించాడు. మూడు పుస్తకాలు పెట్టమన్నాడు. మొదటిది అప్పటికప్పుడు గుర్తు కోసం రాసేది, రెండోది దాన్నే తీరుగా తిరగరాసేది, మూడోది ఖాతాల వారీగా విడదీసేది. ఆ మొదటి పుస్తకంలో యజమానే రాయాలని నియమం పెట్టలేదు. పనివాళ్లు గానీ, రాత వచ్చిన ఇంటి ఆడవాళ్లు గానీ ఎవరైనా రాయొచ్చన్నాడు. ఈ ఒక్క ఏర్పాటూ నాకు ఎంతో నచ్చుతుంది. మొదటి రాత తేలికగా ఉండాలి, అందరి చేతికీ అందాలి. కష్టమైన పనంతా ఆ తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు.

కాగితానికి ఉన్న బలం సరిగ్గా అదే. పుస్తకానికి పాస్‌వర్డ్ లేదు, ఛార్జింగ్ అక్కర్లేదు, తెరిచిన పేజీలోనే రాయొచ్చు. అంతకంటే పెద్ద సంగతి, చేత్తో 1,850 అని రాసేటప్పుడు ఆ అంకె మీ కంటి ముందు, మీ చేతిమీదుగా వెళుతుంది. ఒక్క క్షణం కలం ఆగుతుంది. "ఇంతయిందా?" అనిపించేది ఆ క్షణంలోనే. 1904లో జపాన్‌లో హానీ మోతోకో ఇళ్లలో లెక్కలు రాసుకోవడానికి వీలుగా ఒక పద్దు పుస్తకం తయారు చేసింది. ఆమెకి ఆ దేశపు తొలి మహిళా జర్నలిస్టుగా పేరుంది. అక్కడ అలాంటి పుస్తకాన్ని కకేబో అంటారు. ఇన్ని కంప్యూటర్లు వచ్చాక కూడా ఆ పుస్తకాలు అచ్చవుతూనే ఉన్నాయి, జనం చేత్తో నింపుతూనే ఉన్నారు.

కాగితం లోపాలు కూడా మీకు అనుభవమే అయి ఉంటాయి. ఒకే ప్రతి ఉంటుంది, తడిసినా పోయినా అంతే సంగతులు. నెలకొకసారి పేజీలని ఫోనుతో ఫొటో తీసి ఉంచితే ఆ భయం చాలావరకు పోతుంది. దుకాణాల్లో ఇచ్చే రశీదుల్ని నమ్ముకుని "తర్వాత రాద్దాంలే" అని పక్కన పెట్టకండి. వాటిలో చాలావాటికి సిరా ఉండదు, వేడి తగిలితే నల్లబడే పూత పూసిన కాగితం అది. కొన్ని నెలలకి అక్షరాలు వెలిసిపోయి తెల్లకాగితం మిగులుతుంది. అన్నిటికన్నా పెద్ద లోపం కూడికలు. దానికి నేను ఖాతాల పనిలో చేరిన కొత్తలో నేర్చుకున్న చిట్కా ఒకటి చెబుతాను, ఈనాటికీ వాడుతుంటాను.

ఒక రాత్రి మా ఇంటి పద్దు బ్యాంకు నిల్వతో కలవలేదు. తేడా 270. పద్దులన్నీ మొదటినుంచీ మళ్లీ కూడాను, అదే తేడా. అప్పుడు 270ని 9తో భాగించాను. శేషం లేకుండా 30 వచ్చింది. తేడా 9తో నిశ్శేషంగా పోయిందంటే ఎక్కడో రెండు అంకెలు తారుమారై ఉండొచ్చని గుర్తు. 30లో చివర ఒక సున్నా ఉంది కాబట్టి తారుమారైంది వందల స్థానం, పదుల స్థానం. ఆ రెండు అంకెలకీ మధ్య తేడా 3. ఇక పేజీ మీద అలాంటి పద్దు ఒక్కదాన్నే వెతికాను. 4,360 అని ఉంది. రశీదులో 4,630. రెండు నిమిషాల్లో దొరికింది. ఒక సున్నా తక్కువ రాసినా తేడా 9తో పోతుంది. 1,200కి బదులు 120 రాస్తే తేడా 1,080, దాన్ని 9తో భాగిస్తే 120. ఇది కాకపోతే తేడాని సగం చేసి చూడండి. తేడా 500 అయితే 250 అన్న పద్దు ఎక్కడైనా ఉందేమో వెతకండి. చేతికి వచ్చిన 250ని పొరపాటున ఖర్చు వైపు రాసి ఉంటారు. అప్పుడు తేడా దానికి రెట్టింపు వస్తుంది.

ఇప్పుడు మీ ఆయన స్ప్రెడ్‌షీట్ దగ్గరికి వద్దాం. ఆయన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు, ఆ పరికరం విలువ తెలిసే ఇష్టపడుతున్నారు. స్ప్రెడ్‌షీట్ పుట్టిన కథ వింటే అది దేనికి పనికొస్తుందో తేటపడుతుంది. హార్వర్డ్‌లో బిజినెస్ చదువుకుంటున్న డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి తరగతిలో అధ్యాపకుడు నల్లబల్ల మీద గళ్లు గీసి లెక్క చేయడం చూసేవాడు. ఒక అంకె మారితే దాని మీద ఆధారపడ్డ అంకెలన్నీ చెరిపి మళ్లీ రాయాలి. ఒకటి మారిస్తే మిగతావన్నీ వాటంతటవే మారే బల్ల ఉంటే బాగుండునని అతనికి తోచింది. స్నేహితుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి 1979లో విజికాల్క్ తెచ్చాడు. ఈనాటి ఎక్సెల్‌కీ గూగుల్ షీట్స్‌కీ పూర్వజం అది. అంటే స్ప్రెడ్‌షీట్ పుట్టింది "ఇలా అయితే ఏమవుతుంది?" అని అడగడానికి. అప్పు వాయిదా కొంచెం పెంచి కడితే ఎన్ని నెలల ముందు తీరుతుంది, ఒకరి జీతం నాలుగు నెలలు ఆగితే ఇల్లు నడుస్తుందా, అలాంటి ప్రశ్నలకి దాన్ని మించింది లేదు. మీ పుస్తకం ఎంత గొప్పదైనా ఈ ప్రశ్నలకి జవాబివ్వలేదు.

రోజువారీ పద్దు రాయడానికి మాత్రం అది అంత మంచి చోటు కాదని నా అభిప్రాయం. స్ప్రెడ్‌షీట్ తప్పు చేసినా చప్పుడు చేయదు. ఒక గడిలో పడ్డది మీకు అంకెలాగే కనిపిస్తుంది, కానీ అంకెల మధ్య ఒక ఖాళీ చేరినందుకో, ఎక్కడినుంచో కాపీ చేసి అతికించినందుకో కంప్యూటర్ దాన్ని అక్షరాల కింద జమకడుతుంది. మొత్తం వేసే ఫార్ములా దాన్ని నిశ్శబ్దంగా వదిలేస్తుంది. తప్పు మొత్తం వస్తుంది, ఆ మొత్తం దగ్గర ఏ హెచ్చరికా రాదు. గుర్తుపట్టే చిన్న ఉపాయం ఉంది. మీరు విడిగా జరపకపోతే అంకెలు గడిలో కుడివైపుకి ఆనుకుని ఉంటాయి, అక్షరాలు ఎడమవైపుకి. వరసలో ఒక అంకె ఎడమకి జరిగి కనిపిస్తే దాన్ని అనుమానించండి. ఇంకొకటి, కూడిక 40వ వరసదాకా పెట్టారు, మీరు 41లో రాశారు. అది లెక్కలోకి రాకపోవచ్చు. మన తెలుగులో రాసేవాళ్లకి ఇంకో చిక్కు. ఒక నెల "కరెంటు" అని, ఒక నెల "కరెంట్" అని, ఒక నెల "విద్యుత్తు" అని రాస్తే మీకు నాకు అది ఒకటే, స్ప్రెడ్‌షీట్‌కి మూడు వేరు ఖాతాలు.

ఇంట్లోవాళ్లే కాదు, దిగ్గజాలూ ఇందులో పడ్డారు. కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే పేరున్న ఆర్థికవేత్తలు దేశాల అప్పుల మీద 2010లో ఒక పరిశోధన పత్రం వెలువరించారు. ప్రభుత్వాలు ఖర్చు తగ్గించుకోవాలనే వాదనల్లో దాన్ని చాలాచోట్ల ఉదహరించారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి వాళ్ల స్ప్రెడ్‌షీట్ తెప్పించుకుని చూస్తే, సగటు వేసిన ఫార్ములాలో 20 దేశాలకి గాను ఐదు దేశాలు చేరనే లేదు. పరిధి కొన్ని వరసల ముందే ఆగిపోయింది. ఆ పత్రానికి ఇంకా వేరే విమర్శలూ వచ్చాయి గానీ, మూడేళ్లపాటు ఎవరి కంటా పడనిది ఈ ఒక్క గడి. మీరు ఏదో నొక్కగానే వింత గుర్తులు వచ్చాయన్నారే, అది నిజానికి మేలైన తప్పు. కనీసం కనపడింది.

పదకొండు షీట్ల విషయంలో నన్ను కలవరపెట్టేది మాత్రం తప్పులు కాదు. మా అన్నయ్య కూడా ఇంటి లెక్కలు ఇలాగే స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకునేవాడు. చాలా శ్రద్ధగల మనిషి. బీమాలు, డిపాజిట్లు, ఎవరికి ఇవ్వాల్సింది, ఎవరినుంచి రావాల్సింది, అన్నీ అందులోనే. ఒక ఉదయం ఉన్నట్టుండి పోయాడు. ఫైలుకి పాస్‌వర్డ్ పెట్టుకున్నాడు, అది వదినకి తెలియదు. ఎక్సెల్ ఫైలు తెరిచే పాస్‌వర్డ్ పోతే దాన్ని తయారుచేసిన మైక్రోసాఫ్ట్ కూడా తిరిగి తెప్పించి ఇవ్వలేదు. అంత దుఃఖంలో ఉన్న మనిషి ఐదు నెలలపాటు కాగితాల కట్టలు విప్పుకుంటూ, ఒక్కొక్క ఆఫీసుకీ తిరుగుతూ కూర్చుంది. చివరికి దారి చూపించింది బీరువా అడుగున దొరికిన ఒక పాత డైరీ. అందులో ముందటి ఏడాది బీమా కట్టిన తేదీలు రెండు, ఆయన చేతిరాతతో ఉన్నాయి. ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని వదిన చాలాసేపు మాట్లాడలేదు.

అప్పటినుంచి ఎవరు అడిగినా నేను ముందుగా చూసేది ఒక్కటే. ఈ లెక్క రాసేవాళ్లు లేని రోజున ఇంట్లో రెండో మనిషి తెరిచి చదువుకోగలరా? చదువుకోగలిగితే అది కాగితమైనా, షీటైనా, యాప్ అయినా నాకు అభ్యంతరం లేదు. ఒక్కరికే అర్థమయ్యే లెక్క ఆ ఒక్కరిదే అవుతుంది, ఇంటిది కాదు. మీ పుస్తకానికి కూడా ఈ పరీక్ష పెట్టాలి. మీ ఆయన దాన్ని ఎప్పుడైనా తెరిచారా? తెరిస్తే మీ పొట్టి గుర్తులు ఆయనకి అర్థమవుతాయా?

యాప్ విషయం. మీ తమ్ముడు చెప్పిందాంట్లో నిజముంది. ఖాతాలు ఎక్కువగా ఉండి, లావాదేవీల్లో అధికభాగం బ్యాంకు ద్వారానో కార్డు ద్వారానో జరుగుతుంటే, వాటిని చేత్తో ఎక్కించడం వృథా శ్రమ. యాప్ మరిచిపోదు, అలసిపోదు, కూడిక తప్పదు. ఒక్క పద్దూ రాయని ఇంట్లో యాప్ ఉంటే ఏమీ లేనిదానికంటే వెయ్యి రెట్లు నయం. మీరు మూడు నెలలకి మానేయడానికి మీ బద్ధకం కారణం కాదని మాత్రం గట్టిగా చెప్పగలను. వాటంతటవే వచ్చిపడే లెక్కల్ని మనం కూర్చుని చూడాలన్న అవసరమే ముందుగా పోతుంది. మొదటి నెల రంగుల బొమ్మలు చూస్తాం. రెండో నెల ఎక్కడ చేర్చాలో తెలియని పద్దులు ముప్పై పోగుపడతాయి. మూడో నెల వాటిని తెరవబుద్ధి కాదు.

యాప్ లెక్కల్లో ఒక గుంట ఉంది, క్రెడిట్ కార్డున్న వాళ్లంతా దాన్ని తెలుసుకోవాలి. ఈ నెల కార్డు మీద 12,000కి వస్తువులు కొన్నారనుకోండి. అవి ఒక్కొక్కటీ ఖర్చు కింద ఎక్కుతాయి. వచ్చే నెల బ్యాంకు ఖాతాలోంచి కార్డు బిల్లు 12,000 కడతారు. అది మీ సొంత బాకీ తీర్చుకోవడమేనని యాప్ పసిగట్టకపోతే దాన్నీ ఖర్చు అంటుంది. ఒకే 12,000 రెండుసార్లు ఖర్చయినట్టు చూపిస్తుంది. మూడు ఖాతాల మధ్య మీరు డబ్బు అటూ ఇటూ మార్చుకున్నా ఇదే తంతు, ఒక ఖాతాలో ఖర్చుగా, ఇంకోదాంట్లో ఆదాయంగా కనిపిస్తుంది. ఇంటి అప్పు వాయిదాలో కొంత వడ్డీ, కొంత అసలు. వడ్డీ పోయిన డబ్బు, అసలు మీ అప్పుని తగ్గించిన డబ్బు. చాలా యాప్‌లు రెంటినీ కలిపి ఒకే ఖర్చుగా చూపిస్తాయి. మీ మూడు ఖాతాలు, కార్డు, అప్పు కలిస్తే ఈ మూడు పొరపాట్లకీ చోటుంది. పచోలీ నాటి జంట పద్దు విధానం ఈ చిక్కుల్ని మొదటే తప్పిస్తుంది. ప్రతి మొత్తాన్నీ ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి చేరింది అని రెండు చోట్ల రాస్తారు కాబట్టి బదిలీ ఎప్పటికీ ఖర్చుగా మారదు. ఆ పద్ధతిలో నడిచే సాఫ్ట్‌వేర్ ఇళ్లకీ ఉంది. 1998 నుంచి ఉచితంగా దొరుకుతున్న గ్నూక్యాష్ అలాంటిది, ఫైలు మీ కంప్యూటర్లోనే ఉంటుంది. కానీ దాన్ని నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. చిన్న వ్యాపారం కూడా ఇంటి లెక్కల్లో కలిసిపోయిన వాళ్లకైతే ఆ శ్రమ దక్కుతుంది.

ఇంకో సంగతి, సాఫ్ట్‌వేర్ వయసు. మైక్రోసాఫ్ట్ వాళ్ల మనీ అనే సాఫ్ట్‌వేర్ 1991లో వచ్చి 2009లో అమ్మకం ఆగిపోయింది. మింట్ అనే యాప్‌ని లక్షల మంది వాడేవారు, 2024 మార్చిలో మూతపడింది. ఏళ్ల తరబడి లెక్కలు పెట్టుకున్నవాళ్లు కొన్ని నెలల్లో వేరే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. అంచేత ఏ యాప్ అయినా సరే, వేసుకునే ముందు లెక్కలన్నీ సీఎస్వీ ఫైలుగా బయటికి తీసుకునే వీలుందా అని చూడండి. అది ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా తెరుచుకునే సాదా ఫైలు. ఆ వీలు లేని యాప్‌లో ఒక్క పద్దు కూడా రాయొద్దు. బ్యాంకు పాస్‌వర్డ్ అడిగే యాప్‌నైతే అసలు వేసుకోవద్దు, బ్యాంకు అనుమతించిన పద్ధతిలో, సమాచారం చూసే హక్కు మాత్రమే తీసుకునేదైతే ఆలోచించవచ్చు.

ఇక మీరు చేయాల్సింది. పుస్తకం ఇప్పటిలాగే రాయండి, ఒక్క మార్పుతో. ప్రతి పద్దుకీ ఎడమ అంచున ఒక అక్షరం వేయండి. ఇల్లుకి "ఇ", తిండికి "తి", కరెంటు, నీళ్లు, ఫోను కలిపి "క", ప్రయాణాలకి "ప్ర", చదువులకి "చ", వైద్యానికి "వై", బట్టలకీ వస్తువులకీ "వ", అప్పు వాయిదాకి "అ", ఇచ్చిపుచ్చుకోవడాలకి "పు", ఏడాదికోసారి వచ్చేవాటికి "ఏ". పది చాలు. ముప్పై ఖాతాలు పెట్టుకున్న ఇల్లు మూడు నెలలు నిలవదు, నేను చూసినంతలో. ఆ పది అక్షరాలూ పుస్తకం మొదటి పేజీలో విడమరిచి రాయండి, రెండో మనిషి చదవగలగడానికి అదే తాళంచెవి. కార్డుతో కొన్నదాన్ని కొన్న రోజునే ఖర్చుగా రాయండి, బిల్లు కట్టిన రోజున రాయొద్దు.

స్ప్రెడ్‌షీట్‌లో మీ ఆయన్ని ఒక్క షీటు చేయమనండి. నిలువున ఈ పది ఖాతాలు, అడ్డంగా పన్నెండు నెలలు. నెలాఖరున మీరు పుస్తకం చూసి అక్షరం ప్రకారం మొత్తాలు చదవండి, ఆయన ఎక్కించాలి. మరుసటి నెల ఆయన చదవాలి, మీరు ఎక్కించాలి. ఈ మార్పు తప్పనిసరి, దీన్ని మాత్రం వదలొద్దు. అర్ధగంట పడుతుంది. ఫార్ములాలున్న గడులకి ఆయన్ని తాళం వేయమనండి, అప్పుడు మీరేం నొక్కినా అవి చెడిపోవు. 2004లో జెస్సీ మీచమ్ అనే విద్యార్థి పెళ్లయిన కొత్తలో తనకీ తన భార్యకీ పనికొచ్చేలా ఒక స్ప్రెడ్‌షీట్ చేసుకున్నాడు. యూ నీడ్ ఎ బడ్జెట్ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ దాంట్లోంచి పుట్టింది. ఇద్దరికి సరిపడే షీటు చిన్నదేనని తీసిపారేయక్కర్లేదు.

షీటు అడుగున నాలుగు వరసలు. నెల మొదట్లో ఉన్న నిల్వ, ఆదాయం, ఖర్చు, నెలాఖరు నిల్వ. నిల్వ అంటే మూడు ఖాతాల్లోదీ చేతిలోదీ కలిపి, అందులోంచి కార్డు మీద ఉన్న బాకీ తీసేయగా మిగిలింది. మొదట 84,000 ఉంది, 1,10,000 వచ్చింది, 96,500 ఖర్చు రాశారు. అంటే 97,500 ఉండాలి. తీరా చూస్తే 95,900 ఉంది. తేడా 1,600. తొమ్మిదితో పోదు. సగం చేస్తే 800, అలాంటి పద్దు ఉందేమో ఒకసారి చూడండి. దొరక్కపోతే "లెక్కకి అందనిది 1,600" అని రాసి పుస్తకం మూసేయండి. ఖర్చులో నూటికి రెండు లోపు ఉన్న తేడా కోసం రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోవద్దు, ఒకరినొకరు అడ్డుప్రశ్నలు వేసుకోవద్దు. తేడాకి ఒక వరస కేటాయించిన ఇంట్లో "డబ్బంతా ఏమైంది?" అన్న ప్రశ్నకి జవాబు అక్కడే అంకెల్లో ఉంటుంది, ఎవరి ముఖంలోకీ చూడక్కర్లేదు.

"ఏ" ఖాతా గురించి ఒక మాట. బీమా, ఫీజులు, పన్నులు లాంటివి ఏడాదికోసారి వచ్చి ఆ నెల లెక్కని తలకిందులు చేస్తాయి. చాలా ఇళ్లలో నెలాఖరు గొడవకి అసలు మూలం ఇవే, తప్పు మాత్రం రోజువారీ ఖర్చుల మీద పడుతుంది. ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి, ప్రతి నెలా అంత పక్కకి తీయండి. మూడు ఖాతాలున్నాయి కదా, ఒకదాన్ని దీనికే ఉంచండి. పక్కకి తీసిన డబ్బు ఖర్చు కాదు, ఖాతా మారింది, అంతే. కట్టిన రోజునే ఖర్చుగా రాయండి.

అలాగే ఇద్దరికీ నెలకి కొంత, లెక్క చెప్పక్కర్లేని డబ్బు కేటాయించుకోండి. దానికి పుస్తకంలో ఒక్కటే పద్దు. దేనికి పెట్టారని రెండోవాళ్లు అడగకూడదు. లెక్క రాసే మనిషి ఇంట్లో కాపలా మనిషిగా మారడం నేను చాలాసార్లు చూశాను, అది ఇద్దరికీ బాధే.

యాప్‌కి ఎప్పుడు మారాలంటారా? రోజుకి పాతిక ముప్పై లావాదేవీలు అయ్యేలా పరిస్థితి మారినప్పుడు, లేదా రాసే ఓపిక మీకు నిజంగా తగ్గినప్పుడు. అప్పుడు కూడా నెలాఖరు అర్ధగంట, ఆ ఒక్క షీటు అలాగే ఉండాలి. చిట్టా మాత్రమే యాప్‌కి వెళుతుంది.

చివరగా ఆరేళ్ల పుస్తకాలు. ఎక్కించొద్దు. ఆ పని మొదలుపెడితే రెండు వారాలకి విసుగొచ్చి కొత్త లెక్క కూడా మూలపడుతుంది. పోయిన ఏడాది పుస్తకం ఒక్కటి దగ్గర పెట్టుకుని, ఏడాదికోసారి వచ్చే ఖర్చులు ఏయే నెలల్లో వచ్చాయో ఏరి ఒక కాగితం మీద రాసుకోండి, అది చాలు. మిగతావి కట్టగట్టి భద్రంగా దాచండి. ఈ రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ కూర్చుని కొత్త పేజీ తీయండి. మూడు ఖాతాల్లో ఎంతుంది, చేతిలో ఎంతుంది, కార్డు మీద బాకీ ఎంత, ఇంటి అప్పులో ఇంకా మిగిలిన అసలు ఎంత. ఈ ఆరు అంకెలూ వరసగా రాసి కింద తేదీ వేయండి. మూడు మీరు రాయండి, మూడు ఆయన చేత రాయించండి.